విద్యుత్తు కారును, పన్నుల త్రాసును



పన్ను అనునది మనుష్యుని నడకను ఎట్లు మార్చునో తెలిసికొనుటకు మన గోదావరి డెల్టావారు అర్థశాస్త్రములు చదువ నక్కఱలేదు. యెదుర్లంక వారధి మీదుగ గౌతమిని దాటి యానాము చేరిన చాలును. అచటి పెట్రోలు బంకుల యొద్ద మన జిల్లాల బండ్లు బారులు తీరియుండుట మీలో పలువురు చూచినదే. యానాము 1954 వఱకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండి, తరువాత పుదుచ్చేరిలో భాగమైనది. చమురు అదియే, బండి అదియే, రోడ్డును అదియే. పుదుచ్చేరి ప్రభుత్వము చమురుపై వేయు అమ్మకపు పన్ను మన ప్రభుత్వపు పన్నుకంటె తక్కువ. కావున అచట వెల తగ్గినది, వెల తగ్గుటచే బండి అచటికి పోయినది. ఈ దృష్టాంతమును మనసున నుంచుకొని, విద్యుత్తు కారు సామాన్య గృహస్థునకు అందుబాటులో నుండుటకును, ఉండకపోవుటకును పన్నులు ఎట్లు కారణమగుచున్నవో నేడు విచారింతము.

ఈ ప్రసంగమునకు మూలము మా యింటి అరుగు మీద జరిగిన యొక సంభాషణము. కోనసీమలో కొబ్బరితోటలు చూచుకొనుచున్న మా అన్నగారి మనుమడు కారు కొనవలెనని తలపెట్టి నా యొద్దకు వచ్చెను. "తాతగారండీ, కరెంటు కారుకి పన్ను నూటికి అయిదేనటండి. పెట్రోలు కారుకి పద్దెనిమిదటండి. మరి అయిదున్నదే చవకవ్వాలి కదండీ?" అని యడిగెను. ముప్పదియేండ్లు బడిలో లెక్కలు చెప్పినవాడను గనుక, "నాయనా, నూటికి ఎంత యని కాక, ఏ నూటికి అని యడుగుము" అంటిని. కాగితము, పెన్సిలు తెప్పించితిని. ఆ సాయంకాలము మేము వేసిన లెక్కయే మీకిపుడు వినిపింపబోవుచున్నాను.

ముందుగ ఒక సంగతి. విద్యుత్తు కారు వెల హెచ్చుటకు ముఖ్యకారణము దాని అడుగున నుండు బ్యాటరీ. తక్కిన యంత్రభాగములు పెట్రోలు కారుకంటె తక్కువే. ఇంజను లేదు, గేర్ల పెట్టె నామమాత్రము, పొగగొట్టము లేనేలేదు. కాని లిథియము మొదలగు ఖనిజములతో చేయబడు ఆ బ్యాటరీయొక్కటే కారు వెలలో పెద్దభాగమును మ్రింగివేయును. బ్యాటరీల వెల మొత్తముమీద తగ్గుచు వచ్చినది. 2020 జనవరిలో టాటావారి నెక్సాను విద్యుత్కారు 13,99,000 రూపాయల ప్రారంభపు వెలతో బయలువెడలెను. 2022 సెప్టెంబరులో అదే సంస్థవారి చిన్నకారు టియాగో 8,49,000 రూపాయలకు వచ్చెను. ఐనను సమానమైన పరిమాణము గల పెట్రోలు కారుతో పోల్చినచో విద్యుత్తు కారు పన్నునకు పూర్వమే కొంత ప్రియము. ఈ యెక్కువను పన్నుల తేడాచే పూడ్చవలెననునదియే ప్రభుత్వముల యెత్తుగడ.

దేశమంతటను ఒక్కటిగ నుండు పన్ను వస్తు సేవల పన్ను. జనులు దీనిని జి.ఎస్.టి. యందురు. ఇది 2017 జూలై 1వ తేదిని అమలులోనికి వచ్చినది. ఆనాడు విద్యుత్తు వాహనమునకు నూటికి 12, పెట్రోలు కారునకు 28 వంతున నిర్ణయించిరి. ఆ 28 మీద పరిహారపు సెస్సు అని యింకొకటి యుండెడిది. చిన్న పెట్రోలు కారునకు అది 1, పెద్ద కారులకు 22 వఱకు. 2019 ఆగస్టు 1 నుండి విద్యుత్తు వాహనమునకు 12ను 5కు తగ్గించిరి. ఛార్జరులకు 18ని 5కు తగ్గించిరి. పిమ్మట 2025 సెప్టెంబరు 22వ తేదిని గొప్ప మార్పు జరిగినది. చిన్న పెట్రోలు, డీసెలు కారులకు 28ని 18కి దించి, సెస్సును తీసివేసిరి. పెద్ద కారులకు 40 అని యొకే రేటు పెట్టిరి. విద్యుత్తు కారు 5 దగ్గఱనే నిలిచియున్నది.

ఇక లెక్క. సమానమైన రెండు చిన్నకారులను తీసికొందము. పన్నునకు ముందు పెట్రోలు కారు వెల 10,00,000 అనియు, విద్యుత్తు కారు వెల 12,00,000 అనియు అనుకొందము. ఇవి యే సంస్థ కారుల వెలలును కావు. లెక్క తెలియుటకై కల్పించుకొన్న అంకెలు.

2017లో, పెట్రోలు కారునకు 29 చొప్పున పన్ను చేర్చినచో 12,90,000. విద్యుత్తు కారునకు 12 చొప్పున చేర్చినచో 13,44,000. విద్యుత్తు కారే 54,000 ప్రియము.

2019 ఆగస్టు తరువాత, పెట్రోలు కారు అదే 12,90,000. విద్యుత్తు కారు 5 చొప్పున 12,60,000. ఇపుడు విద్యుత్తు కారు 30,000 చవక. త్రాసు ఇటు మొగ్గినది.

2025 సెప్టెంబరు తరువాత, పెట్రోలు కారు 18 చొప్పున 11,80,000. విద్యుత్తు కారు కదలక 12,60,000. అనగా విద్యుత్తు కారు తిరిగి 80,000 ప్రియమైనది.

గమనింపుడు. విద్యుత్తు కారుపై పన్ను ఒక్క పైసయైనను పెరుగలేదు. దాని వెలయు పెరుగలేదు. ఎదుటి పళ్లెములోని రాయిని కొంత తీసివేసిరి; ఇవతలి పళ్లెము తనంతట తానే క్రుంగినది. నా మనుమడు గ్రహింపవలసిన మొదటి సూత్రమిదియే: పన్ను ఎంత తక్కువ యనునది కాదు ప్రశ్న, పోటీ వస్తువు పన్నునకును దీనికిని దూరమెంత యనునదే ప్రశ్న.

పెద్ద కారుల సంగతి వేఱు. పన్నునకు ముందు పెట్రోలుది 15,00,000, విద్యుత్తుది 18,00,000 అనుకొందము. పూర్వము 50 వంతుల పన్నుతో పెట్రోలు కారు 22,50,000 అయ్యెడిది. ఇపుడు 40 వంతులతో 21,00,000. విద్యుత్తు కారు 18,90,000 మాత్రమే. కావున సంపన్నుడు కొనెడి పెద్ద విద్యుత్తు కారు నేటికిని చవకయే. మధ్యతరగతివాడు కొనెడి చిన్న విద్యుత్తు కారునకు మాత్రము ఆ మేలు చాలవఱకు జాఱిపోయినది. పన్నుల మాట వినునపుడు అది యెవరి గుమ్మము వఱకు చేరుచున్నదో కూడ చూడవలెను.

ఇంతవఱకు ఢిల్లీ లెక్క. ఇటుపైని రాష్ట్రపు లెక్క. కారు కొనినవాడు రవాణా కార్యాలయమున జీవితకాలపు పన్ను, అనగా లైఫ్ టాక్సు, ఒక్కసారిగ చెల్లింపవలెను. ఇది రాష్ట్రముల చేతిలోనిది. తెలంగాణములో 2022 మే మాసమునుండి 5 లక్షల లోపు కారునకు నూటికి 13, 10 లక్షల లోపునకు 14, 20 లక్షల లోపునకు 17, ఆపైని 18 వంతున నిర్ణయించిరి. మన రాష్ట్రపు రేట్లును ఇంచుమించుగ నీ తీరుననే యున్నవి. ఇపుడు పై చిన్నకారుల వెలలకు 17 చొప్పున ఈ పన్ను చేర్చి చూతము. పెట్రోలు కారు 11,80,000కు 2,00,600 చేరి మొత్తము 13,80,600. విద్యుత్తు కారునకు జీవితకాలపు పన్ను మినహాయించినచో అది 12,60,000 వద్దనే నిలుచును. అపుడు 1,20,600 చవక. మినహాయింపక అందఱివలెనే వసూలు చేసినచో 2,14,200 చేరి 14,74,200 అగును. అపుడు 93,600 ప్రియము. ఒకే కారు, ఒకే అంగడి. రాష్ట్రప్రభుత్వపు ఒక్క ఉత్తరువు ఉన్నదా లేదా యనుదానిపై ఈ రెండు లక్షల పదునాలుగువేల తేడా ఆధారపడియున్నది.

తెలంగాణ ప్రభుత్వము 2020లో ప్రకటించిన విధానమున మొదటి 5,000 విద్యుత్తు కారులకు మాత్రమే ఈ పన్నును మినహాయించెను. 2024 నవంబరులో ఆ పరిమితిని తొలగించి, 2026 డిసెంబరు 31 వఱకు నమోదగు విద్యుత్తు వాహనములకు పూర్తి మినహాయింపు నిచ్చెను. మన ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2018 జూనులో ఐదేండ్ల విద్యుత్తు వాహన విధానమును ప్రకటించి, రోడ్డుపన్ను, నమోదు రుసుముల మినహాయింపును అందు చేర్చెను. ఆ ఐదేండ్లు 2023తో నిండినవి. 2024 డిసెంబరులో 2024 నుండి 2029 వఱకు వర్తించు క్రొత్త విధానము వచ్చినది. ఈ తేదులను నేను వివరముగ చెప్పుటకు కారణమున్నది. ప్రభుత్వపు మినహాయింపు తాటాకు పందిరి వంటిది. నీడ నిచ్చును గాని, కాలమున విప్పివేయుదురు. కారు కొనబోవువాడు అంగడివాని మాట నమ్మి ఊరకుండక, రాజమహేంద్రవరముననో, అమలాపురముననో, భీమవరముననో గల రవాణా కార్యాలయమునకు పోయి, తాను నమోదు చేయించు దినమున ఏ ఉత్తరువు అమలులో నున్నదో, ఏ తేది వఱకు నుండునో విచారించుకొనవలెను.

తేది యెంత పనిచేయునో మా పొరుగువారి అనుభవమే చెప్పుచున్నది. ఆదాయపు పన్ను చట్టమున విద్యుత్తు వాహనము కొనుటకై తీసిన అప్పుపై వడ్డీ సంవత్సరమునకు 1,50,000 రూపాయల వఱకు ఆదాయమునుండి తగ్గించి చూపుకొను సౌకర్యమొకటి యుండెడిది. 2019 ఏప్రిలు 1 మొదలు 2023 మార్చి 31 వఱకు మంజూరైన అప్పులకే అది వర్తించును. మా పొరుగున నున్న ఉపాధ్యాయుడొకడు మార్చిలోనే కారు కోరుకొనెను. అంగడివారు "నాలుగు రోజులు ఆగండి, మీరు కోరిన రంగు వచ్చును" అనిరి. అతడాగెను. అప్పు ఏప్రిలు మొదటివారమున మంజూరైనది. కోరిన రంగు వచ్చినది. వడ్డీపై తగ్గింపు మాత్రము ఒక్క యేటికైనను రాలేదు. నేటికిని ఆయన ఆ కారు రంగును మెచ్చుకొనినవారివంక చూచి నవ్వి యూరకుండును.

అన్యదేశములందును ఇదియే తీరు. అమెరికాలో క్రొత్త విద్యుత్తు కారు కొనినవారికి 7,500 డాలరుల వఱకు ఆదాయపు పన్నులో తగ్గింపు లభించెడిది. 2025 సెప్టెంబరు 30తో అది ముగిసినది. జర్మనీలో ఇచ్చుచుండిన సహాయధనమును 2023 డిసెంబరు నడుమ ఉన్నపళముగ నిలిపివేసిరి. మఱుసటి యేడు అచట విద్యుత్తు కారుల అమ్మకము నూటికి 27 వంతులు పడిపోయినది. దీనికి భిన్నముగ నార్వే దేశమువారు 1990 నుండి కొనుగోలు పన్నును, 2001 నుండి విలువ ఆధారిత పన్నును విద్యుత్తు కారులకు మినహాయించుచు, పెట్రోలు కారులపై భారమైన పన్నును నిలిపియుంచిరి. 2024లో ఆ దేశమున అమ్ముడైన క్రొత్త కారులలో నూటికి 89 వంతులు విద్యుత్తువే. వారు సాధించినది వట్టి తగ్గింపుచే కాదు. రెండు పన్నుల నడుమ దూరమును ముప్పదియేండ్లు చెదరనీయకుండుటచే.

ఇక కారు కొనిన తరువాతి పన్ను. మనము గుర్తింపనిది యిదియే. పెట్రోలు జి.ఎస్.టి.లో లేదు. దానిపై కేంద్రము ఎక్సైజు సుంకమును, రాష్ట్రము అమ్మకపు పన్నును వేఱువేఱుగ వేయును. 2025 సంవత్సరపు లెక్కనుబట్టి మన రాష్ట్రమున పెట్రోలుపై నూటికి 31, దానికి తోడు లీటరునకు 4 రూపాయలు, రోడ్ల అభివృద్ధికని 1 రూపాయి వసూలు చేసిరి. లీటరు సుమారు 110 రూపాయలనుకొన్నచో, అందు సగమునకు కొంచెము తక్కువగ పన్నులే. లీటరునకు 16 కిలోమీటరులు నడచు కారునకు కిలోమీటరునకు 6 రూపాయల 88 పైసలగును. విద్యుత్తు కారు ఇంటివద్ద ఛార్జి చేసికొనినచో యూనిటునకు 7 కిలోమీటరులు నడచుననియు, యూనిటు 9 రూపాయలనియు లెక్కవేసిన, కిలోమీటరునకు 1 రూపాయి 29 పైసలు. భేదము 5 రూపాయల 59 పైసలు. ఇందు అధికభాగము ఇంధనపు గుణము కాదు. తప్పించుకొనిన పన్నుది కూడ గొప్ప వాటా.

నెలకు 1,000 కిలోమీటరులు తిరుగువానికి నెలకు 5,590 రూపాయలు మిగులును. మినహాయింపు లేక 93,600 అధికముగ ఇచ్చి కొనినను, పదునేడు నెలలలో ఆ సొమ్ము తిరిగి వచ్చును. నెలకు 300 కిలోమీటరులు మాత్రమే తిరుగువానికి మిగులునది 1,677. అతనికి నాలుగేండ్ల యెనిమిది మాసములు పట్టును. కావున ఎక్కువగ తిరుగువానికి ప్రభుత్వపు మినహాయింపు లభించినను లభింపకున్నను విద్యుత్తు కారు గిట్టును. పండుగకును, పెండ్లికిని మాత్రమే కారు తీయు గృహస్థునకు మినహాయింపు ఉన్ననే గిట్టును. ఇది రెండవ సూత్రము.

కొన్ని మఱుగు పన్నులును కలవు. కారుతో కలిసివచ్చు బ్యాటరీకి 5 వంతులే గాని, తరువాత విడిగ కొనినచో లిథియము బ్యాటరీకి 18 వంతులు. ఇంటి విద్యుత్తుపై జి.ఎస్.టి. లేదు గాని, బయటి ఛార్జింగు కేంద్రమున చేయించుకొనినచో ఆ సేవకు 18 వంతులు పడును. యూనిటు వెల యింటివెలకు రెట్టింపును మించవచ్చును. వాడిన కారు ఒక గృహస్థుడు మఱియొక గృహస్థునకు అమ్మినచో జి.ఎస్.టి. లేదు, వ్యాపారి కొని అమ్మినచో, అతని లాభముపై 2024 డిసెంబరు నిర్ణయము ననుసరించి విద్యుత్తు కారునకును 18 వంతులే. ఇక కేంద్రము 2019లో మొదలిడిన ఫేమ్ రెండవ పథకపు సహాయధనము బాడుగ కారులకే గాని సొంత కారులకు లభింపలేదు. 2024 అక్టోబరులో వచ్చిన పి.ఎం. ఇ-డ్రైవ్ పథకమున ద్విచక్ర, త్రిచక్ర వాహనములు, బస్సులు, లారీలు, రోగివాహనములు చేర్చబడినవి. సొంత కారు లేదు. కావున సొంత కారు కొనువానికి ఆధారము పన్నుల తగ్గింపు మాత్రమే.

ఇంతవఱకు కొనువాని పక్షమున మాటలాడితిని. ఊరి పెద్దలకు రెండవ పక్షమును చెప్పకున్న న్యాయము కాదు. ప్రభుత్వము విడిచిపెట్టిన ప్రతి రూపాయియు ఎచటనో తక్కువ పడును. పెట్రోలుపై వసూలగు ఆ ఒక్క రూపాయి సెస్సు రోడ్లకని పేరుపెట్టినదే గదా! విద్యుత్తు కారును అదే రోడ్డుపై నడచును. బరువు ఇంకను హెచ్చు. కారులు విద్యుత్తునకు మాఱినకొలది పెట్రోలు పన్ను తగ్గును. మన లంకగ్రామముల గండ్లు పడిన రోడ్లకు సొమ్ము అపుడు ఎక్కడనుండి రావలెను? కారు లేని కూలివాని మోటారు సైకిలు పెట్రోలుపై పన్ను పెంచియా?

దీనికి బదులు లేకపోలేదు. ధవళేశ్వరపు ఆనకట్టను 1847 నుండి 1852 వఱకు కట్టినపుడు ప్రభుత్వము సొమ్ము ముందుగ వెచ్చించెను. తరువాత పంట పెరిగి శిస్తు పెరిగినది. మన దేశము వాడు ముడిచమురులో నూటికి 85 వంతులకు పైగా పరదేశములనుండి వచ్చుచున్నది. ఆ సొమ్ము దేశముననే నిలిచి, గాలి నిర్మలమై, బ్యాటరీలు ఇచటనే తయారగునేని విడిచిన పన్ను వేఱొక రూపమున తిరిగి రావచ్చును. పైగా కారులు లేనిదే ఛార్జింగు కేంద్రములు రావు. కేంద్రములు లేనిదే కారులు రావు. ఈ బీజాంకుర న్యాయమును ఒకచోట తెంచి ముందడుగు వేయించుటకు మొదటి దినములలో పన్ను మినహాయింపు అవసరమే. కాని ఆనకట్టకు కొలత, అంచనా, గడువు ఉన్నట్లు మినహాయింపునకును ఉండవలెను. చిన్నకారునకు హెచ్చుగను, పెద్దకారునకు తక్కువగను ఉండుట ధర్మము. గడువు ముందుగనే తెలిపి, మెట్టుమెట్టుగ తగ్గించుట మేలు. జర్మనీలో వలె ఒక్కపూటలో త్రెంచివేయుట కొనువానికిని, చేయువానికిని కీడే.

నా మనుమని సంగతి యేమైనదని మీరడుగుదురు. అతడు నెలకు ఎన్ని కిలోమీటరులు తిరుగునో అతనికే తెలియదని తేలినది. "ముందు మూడు మాసములు నీ బండి మీటరు అంకె వ్రాసిపెట్టుము. పిమ్మట రవాణా కార్యాలయమున నాటి ఉత్తరువును కనుగొనుము. రెండు కారుల వెలలను అన్ని పన్నులతో కలిపి కాగితము మీద ప్రక్కప్రక్కన వ్రాసికొని రమ్ము" అంటిని. "ఆయ్, అలాగేనండి" అని వెడలెను. కారు కొనుటకంటె ముందు పుస్తకము కొనినాడని నిన్న తెలిసినది. సంతోషించితిని.

మీ యూరిలో ఎవరైన ఈ విషయమున సలహా అడుగవచ్చినచో, నూటికి అయిదు అను మాట విని మురియవద్దనియు, నూటికి పదునెనిమిది అను మాట విని జంకవద్దనియు చెప్పుడు. రెండు పన్నుల నడుమ దూరము, మినహాయింపు గడువు తేది, తన బండి నెలకు నడచు దూరము, ఈ మూడు అంకెలు చేతనున్నవాడు మోసపోడు. సెలవు.